అర క్రౌను కిటికీ

కన్సల్టెంటు ఉద్యోగంలో ఊళ్ళని గుర్తుపెట్టుకునే పద్ధతి వేరు. ఫలానా ఊరంటే మాకు ఫలానా ఎయిర్‌పోర్టు, ఫలానా హోటలు, రాత్రి తొమ్మిది దాటాక కూడా తెరిచి ఉండే ఫలానా ఇండియన్ రెస్టారెంటు. అంతే. ఇరవయ్యేళ్ళలో నేను పని చేసిన ఊళ్ళ పేర్లు చెప్పమంటే గబగబా ఓ పదిహేను చెప్పగలను గాని, వాటిలో ఒక్క ఊరి చరిత్ర చెప్పమన్నా నీళ్ళు నములుతాను. బర్మింగ్‌హామ్ కూడా నాకు అలాగే పరిచయమైంది.

ఇంగ్లండులో ఉన్న బర్మింగ్‌హామ్ కాదు, అలబామా రాష్ట్రంలోది. ఇనుము, బొగ్గు, సున్నపురాయి మూడూ దగ్గర దగ్గరగా దొరికే చోట 1871లో పుట్టిన ఊరు. ఇంగ్లండులోని ఫ్యాక్టరీల నగరం పేరు తెచ్చి దీనికి పెట్టారు. నేనుండే అట్లాంటా నుంచి ఐ-20 రోడ్డు మీద పడమటికి 150 మైళ్ళు. అలబామా సరిహద్దు దాటగానే టైమ్‌జోను మారి ఓ గంట కలిసొస్తుంది. సోమవారం పొద్దున ఆ గంట వరంలా ఉంటుంది. గురువారం సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు దాన్ని తిరిగి ఇచ్చెయ్యాలి.

మా ప్రాజెక్టు ఒక బ్యాంకు వారి పాత లెక్కలన్నిటినీ కొత్త సిస్టమ్‌లోకి చేర్చడం. ఆ పని కోసం ఒక వారం శనివారం కూడా ఉండిపోవాల్సి వచ్చింది. పొద్దున్నే పెద్ద బదిలీ మొదలుపెట్టాం. ఆరు గంటలు పడుతుందని తేలింది. తెర మీద శాతం అంకె మారడం చూస్తూ కూర్చున్నాను. బ్యాంకు వైపు నుంచి డేటాబేసు చూసే ఆవిడ ఒకామె ఉన్నారు. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి, రిటైర్‌మెంటుకి దగ్గరపడిన వయసు. నా అవస్థ చూసి, "నువ్వు చూసినా చూడకపోయినా అది దాని పాటికది నడుస్తుంది. ఇన్ని వారాలుగా మా ఊరు వస్తున్నావు కదా, సిక్స్‌టీన్త్ స్ట్రీట్ చర్చి చూశావా?" అన్నారు. లేదన్నాను. ఆవిడ ఓ క్షణం ఏమీ అనలేదు. తర్వాత, "వెళ్ళి చూసి రా. ఏదైనా ఆగిపోతే నేను ఫోను చేస్తాను" అన్నారు.

ఆ ఒక్క క్షణం మౌనానికి అర్థం నాకు మధ్యాహ్నానికి గాని తెలియలేదు.

సిక్స్‌టీన్త్ స్ట్రీట్ బాప్టిస్టు చర్చి పదహారో వీధి, ఆరో ఎవెన్యూ కలిసే మూల మీద ఉంది. ఇటుక కట్టడం. ముందు వెడల్పాటి మెట్లు, రెండు పక్కలా రెండు బురుజులు, వాటి మీద శిఖరాలు, నిలువుగా వేలాడే నియాన్ బోర్డు. నాకు బాగా తెలిసిన చర్చి అంటే మా మెదక్ చర్చి ఒక్కటే. అది గోథిక్ పద్ధతి. కమానులు కొనదేలి, కట్టడమంతా ఆకాశంలోకి లాగినట్టుంటుంది. ఇక్కడ రోమనెస్క్, బైజాంటైన్ పద్ధతులు రెండూ కలిపారు. కమానులు గుండ్రంగా, గోడలు బరువుగా ఉంటాయి. ప్రార్థనశాల నడినెత్తిన గోపురం. మెదక్ చర్చి తల ఎత్తి చూడమంటుంది, ఇది లోపలికి వచ్చి కూర్చోమంటుంది.

ఈ సంఘం 1873లో ఏర్పడింది. అంటే ఊరు పుట్టిన రెండేళ్ళకు, దేశంలో బానిసత్వం రద్దయిన ఎనిమిదేళ్ళకు. బర్మింగ్‌హామ్‌లో నల్లవారు స్థాపించుకున్న మొదటి చర్చి ఇదే. ఈ స్థలంలో కట్టుకున్న పాత చర్చిని 1908లో నగరం అధికారులు పనికిరాదని తేల్చి కూల్చెయ్యమన్నారు. అప్పుడు కొత్తది కట్టారు. 1911లో పూర్తయింది. ఖర్చు 26,000 డాలర్లు. కట్టిన కాంట్రాక్టరు నల్లవాడు. ప్లాను గీసిన ఆర్కిటెక్టు వాలెస్ రేఫీల్డ్ కూడా నల్లవాడే. ఆర్కిటెక్చరు చదువు కాలేజీలో చదివి ఆ వృత్తి చేసిన తొలి తరం నల్లవారిలో ఆయనొకడు. న్యూయార్కులో ప్రాట్ ఇన్‌స్టిట్యూటులో, కొలంబియాలో చదువుకుని, బుకర్ టి. వాషింగ్టన్ నడిపిన టస్కీగీ విద్యాలయంలో పాఠాలు చెప్పి, తర్వాత బర్మింగ్‌హామ్ వచ్చి ఆఫీసు పెట్టుకున్నాడు. 1941లో చనిపోయాక లోకం ఆయన్ని మరిచిపోయింది. 1993లో ఆ చుట్టుపక్కల ఒక పాత కొట్టంలో ఆయన డిజైన్ల అచ్చుపలకలు వందల కొద్దీ బయటపడితే గాని ఎంత పని చేశాడో తెలియలేదు.

నల్లవారు తెల్లవారితో ఒక హోటల్లో కూర్చుని తినడానికి, ఒక కుళాయిలో నీళ్ళు తాగడానికి వీల్లేని ఊళ్ళో నల్లవారికి చర్చి అంటే ప్రార్థన చేసుకునే చోటు మాత్రమే కాదు. సభలు పెట్టుకునే హాలు, ఉపన్యాసాలు వినే చోటు, పెద్ద కచేరీ పెట్టినా అక్కడే. అందుకే రేఫీల్డ్ కింద భూగృహంలో కూడా పెద్ద హాలు, గదులు పెట్టాడు. డబ్ల్యూ. ఇ. బి. డుబాయ్ ఈ చర్చికి వచ్చి మాట్లాడాడు. గాయకుడు పాల్ రాబ్సన్ వచ్చాడు. ఈ రాబ్సన్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1963 మే నెలలో స్కూలు పిల్లలు వందల మంది ఈ చర్చి తలుపుల్లోంచి జట్లు జట్లుగా బయటికి నడిచారు. ఈ వేర్పాటు చట్టాలు మాకొద్దని ఊరేగింపు. పోలీసులు వాళ్ళ మీదికి కుక్కల్ని వదిలారు, ఫైరింజను గొట్టాలతో నీళ్ళు కొట్టారు. ఆ ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ఎదురుగా ఉన్న కెల్లీ ఇన్‌గ్రామ్ పార్కులో ఇప్పుడు ఆ దృశ్యాలే శిల్పాలుగా ఉన్నాయి. నడిచే దారికి రెండు వైపుల నుంచీ ఇనప కుక్కలు మీదికి దూకుతుంటాయి, మనం మధ్యలోంచి వెళ్ళాలి. శిల్పమని తెలిసి కూడా నేను అడుగు వెనక్కి వేశాను.

అదే సంవత్సరం సెప్టెంబరు 15, ఆదివారం. చర్చిలో ఆ రోజు యువజన దినం. క్షమించే ప్రేమ గురించి ప్రసంగం ఉంది. భూగృహంలో ఆడవాళ్ళ గదిలో ఐదుగురు ఆడపిల్లలు తయారవుతున్నారు. ఆడీ మే కాలిన్స్, సింథియా వెస్లీ, కెరోల్ రాబర్ట్‌సన్, ముగ్గురికీ 14 ఏళ్ళు. డెనీస్ మెక్‌నేర్‌కి 11. డెనీస్ గౌను నడుం పట్టీని ఆడీ ముడి వేస్తోంది. ఉదయం 10:22కి చర్చి తూర్పు వైపు మెట్ల కింద కూ క్లక్స్ క్లాన్ ముఠా పెట్టిన డైనమైటు పేలింది. నలుగురు పిల్లలూ చనిపోయారు. ఐదో పిల్ల, ఆడీ చెల్లెలు సారా, 12 ఏళ్ళది, బతికింది గాని కుడి కన్ను పోయింది. డెనీస్ గౌను పట్టీ సంగతి లోకానికి చెప్పింది ఆ అమ్మాయే.

అదే రోజు ఆ ఊళ్ళో ఇంకో ఇద్దరు నల్ల కుర్రాళ్ళు చనిపోయారు. జానీ రాబిన్‌సన్, 16 ఏళ్ళు, పోలీసు తుపాకీకి. వర్జిల్ వేర్, 13 ఏళ్ళు, అన్న సైకిలు మీద వెళ్తుండగా ఒక తెల్ల కుర్రాడి తుపాకీకి.

చర్చి కిటికీల అద్దాలన్నీ పొడి అయ్యాయి. ఒక్కటి మాత్రం చట్రంలో నిలిచింది. చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని నడిచే క్రీస్తు బొమ్మ ఉన్న కిటికీ అది. దానిలో కూడా క్రీస్తు ముఖం ఉన్న ముక్క ఎగిరిపోయింది.

ఈ సంగతులన్నీ చెబుతూ మమ్మల్ని తిప్పుతున్న పెద్దాయన ప్రార్థనశాలలోకి తీసుకెళ్ళి, "ఇప్పుడు వెనక్కి తిరగండి" అన్నాడు. తిరిగాం. వీధి గుమ్మం వైపు, బాల్కనీ మీద, నీలి వెలుగు.

చర్చిల్లో రంగుటద్దాల పని ఎలా చేస్తారో మా మెదక్ పిల్లలకి చిన్నప్పుడే తెలుసు. అద్దం మీద రంగు పూసేసి ఊరుకోరు. గాజు కరిగేటప్పుడే లోహాల పొడులు కలుపుతారు. కోబాల్టు కలిపితే నీలం, బంగారం కలిపితే ఎరుపు. ఆ గాజుని ముక్కలుగా కోసి, మొహాలు, బట్టల మడతలు వంటివి దాని మీద గీసి కొలిమిలో కాలుస్తారు. సీసం పట్టీలతో ముక్కల్ని అతుకుతారు. గోడ మీది బొమ్మ వెలుగు పడితే కనిపిస్తుంది, అద్దం బొమ్మ మాత్రం వెలుగు తనలోంచి దూరి వస్తేనే కనిపిస్తుంది. అందుకే పొద్దు కుంకితే లోపలున్నవాళ్ళకి అది నల్లటి చెక్క.

ఇక్కడి కిటికీలో ఉన్నది నల్ల క్రీస్తు. రెండు చేతులూ బారజాపి, తల ఓ పక్కకి వాల్చి ఉన్నాడు. శిలువ మీద ఉన్నట్టే ఉంది గాని చేతులు రెండూ ఒకేలా లేవు. కుడిచెయ్యి దేన్నో అడ్డుకుని నెడుతోంది, అది ద్వేషాన్ని. ఎడమచెయ్యి తెరిచి ఉంది, అది క్షమకు. తల పైన ఇంద్రధనుస్సు. పాదాల దగ్గర మత్తయి సువార్తలోని మాటలు కొన్ని. సాటి మనుషుల్లో అందరికన్నా తక్కువగా చూడబడే వాడికి ఏం చేస్తే అది నాకు చేసినట్టే అని క్రీస్తు చెప్పిన సందర్భం అది. ఇంకా కిందికి చూస్తే, దీన్ని ఇచ్చింది వేల్సు ప్రజలని రాసి ఉంది.

వేల్సు! ఎక్కడి వేల్సు, ఎక్కడి అలబామా!

జాన్ పెట్స్ అని ఒక కళాకారుడు. 1914లో లండనులో పుట్టి, కుర్రతనంలోనే వేల్సు కొండల్లోకి వెళ్ళి స్థిరపడినవాడు. చెక్క మీద బొమ్మలు చెక్కి అచ్చు వేసేవాడు, తర్వాత రంగుటద్దాల పనిలోకి వచ్చాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టనని చెప్పి వైద్యదళంలో పని చేశాడు. 1963లో కార్మార్థెన్‌షైర్‌లో లాన్‌స్టెఫాన్ అనే ఊళ్ళో ఉన్నాడు. రేడియోలో బర్మింగ్‌హామ్ వార్త విన్నాడు. పిల్లల తండ్రిగా ఆ పిల్లల చావుకి కడుపు రగిలింది. అద్దాల పనివాడిగా ఆ పగిలిన కిటికీలు కళ్ళ ముందు మెదిలాయి. తనకి చేతనైన పని ఒకటుంది, కిటికీ చెయ్యడం. ఆ పని చేద్దామనుకున్నాడు. కార్డిఫ్ నుంచి వచ్చే వెస్టర్న్ మెయిల్ పత్రిక ఎడిటరు డేవిడ్ కోల్‌కి ఫోను చేశాడు.

కోల్ మర్నాడే చందాల కోసం మొదటి పేజీలో పిలుపు ఇస్తానన్నాడు. ఒక షరతు పెట్టాడు. ఎవరూ అర క్రౌనుకి మించి ఇవ్వకూడదు. అర క్రౌనంటే రెండు షిల్లింగుల ఆరు పెన్నీలు, పౌనులో ఎనిమిదో వంతు. ఎవరో ఒక ధనవంతుడు పెద్ద చెక్కు రాసేసి చేతులు దులుపుకుంటే అది ఆయన కిటికీ అవుతుంది. ఇది వేల్సు జనం కిటికీ కావాలి.

చిల్లర వచ్చి పడింది. రకరకాల దేశాల నావికుల కుటుంబాలు కలిసి బతికే కార్డిఫ్ రేవుపేట టైగర్ బే వీధుల్లో నల్లపిల్లలు, తెల్లపిల్లలు వరసలో నిలబడి తమ చేతిఖర్చు డబ్బులు ఇచ్చారు. కొద్దిరోజుల్లోనే కావలసిన సొమ్ము వచ్చింది. పెట్స్ బర్మింగ్‌హామ్ సంఘం వారితో మాట్లాడి కిటికీ తయారుచేశాడు. 1965లో దాన్ని ఇక్కడ నిలబెట్టారు.

వేల్సు వాళ్ళకి ఇది కొత్త బుద్ధి కాదు. బొగ్గుగని కార్మికులు తలా కొంచెం వేసుకుని కట్టుకున్న ప్రార్థనామందిరాలు ఆ లోయల నిండా ఉన్నాయి. నల్లవారితో చుట్టరికం కూడా ఉంది. ఇందాకటి పాల్ రాబ్సన్ వేల్సు గని కార్మికులకు ప్రాణం. అమెరికా ప్రభుత్వం 1950లో ఆయన పాస్‌పోర్టు లాగేసుకుంటే, 1957లో వేల్సు గని కార్మికులు తమ ఉత్సవానికి ఆయన్ని టెలిఫోనులో పాడించుకున్నారు. సముద్రం అడుగున వేసిన కేబుల్ గుండా న్యూయార్కు నుంచి పాట వచ్చింది, ఇటు హాలు నిండా జనం గొంతు కలిపారు. టెలికం వాళ్ళు ఆ కేబుల్‌ని ఇంతకన్నా మంచి పనికి వాడి ఉండరు.

కిటికీ పెట్టిన మరుసటి సంవత్సరం, 1966 అక్టోబరు 21న, వేల్సులో ఆబర్‌వాన్ అనే ఊళ్ళో గని చెత్త గుట్ట జారి స్కూలు మీద పడింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు చనిపోయారు. పిల్లల్ని పోగొట్టుకున్న ఊరి కోసం చిల్లర పోగేసిన దేశం మూడేళ్ళు తిరిగేసరికి తన పిల్లల్ని పాతిపెట్టుకుంది.

ఆ కిటికీ కింద నిలబడితే నాకు గుర్తొచ్చింది మా మెదక్.

మెదక్ చర్చి సంగతి తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1914లో మొదలై, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గంట గోపురం 175. కట్టించినవాడు చార్లెస్ వాకర్ పాస్‌నెట్ అనే ఇంగ్లీషు దొర. కరువు రోజుల్లో పని చేసిన వాళ్ళకి తిండి పెట్టి కట్టించాడు. కిటికీలు ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడివి. ఆరోహణం 1927లో, జననం 1947లో, శిలువ 1958లో వచ్చాయి. వాటిలో క్రీస్తు ఇంగ్లీషు వాళ్ళు గీసుకునే తెల్ల మేని క్రీస్తే. అది వింతని మాకెప్పుడూ తోచలేదు.

మా నాన్న అక్కడ స్కూలు మాస్టారు. నేను, నా క్లాసు స్నేహితుడు ఒకడు, సాయంత్రం నాలుగింటికి స్కూలు వదలగానే చర్చికి పరుగెత్తేవాళ్ళం. నేలమీద పడే రంగుల్లో ఎవరి కాలు ఎరుపులో పెడితే వాడు గెలిచినట్టు. వాడి ముత్తాత కరువులో ఆ చర్చికి రాళ్ళు మోశాడట. "మా ముత్తాత మోసిన రాయి చూపియ్యాల్నా?" అని గోడలో ఏదో రాయి చూపించేవాడు. ప్రతిసారీ వేరే రాయి. నేను కొట్లాడేవాణ్ణి. వాడు నవ్వేవాడు.

వాడిది మాదిగవాడ. వాళ్ళింటికి వెళ్ళొచ్చానని తెలిసిన రోజు మా నానమ్మ వాకిట్లోనే నిలబెట్టి పసుపునీళ్ళు చల్లేది. నాకదో ఆట. నవ్వుకుంటూ మర్నాడు వాడికి చెప్పేవాణ్ణి కూడా. వాడేమీ అనేవాడు కాదు. అలబామాలో ఆ పూట వరకూ, ఆ మాట వాడికి ఎలా తగిలిందోనన్న ఆలోచన నాకు రాలేదు.

1991 ఆగస్టులో నాకు 11 ఏళ్ళు, డెనీస్ మెక్‌నేర్ వయసు. ఆ నెల 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపి, గోతాల్లో కుక్కి కాలవలో పారేశారు. పేపరు చదువుతున్న నాన్న, నేను దగ్గరికి రాగానే మడిచి అటక మీద పెట్టేశాడు. స్కూల్లో పెద్దపిల్లలు చెప్పుకుంటే విన్నాను. ఆ సాయంత్రం కూడా నేనూ, వాడూ చర్చికి వెళ్ళాం. వాడు ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎరుపులో కాలు పెట్టే ఆట ఆడుకుని ఇంటికొచ్చాం.

మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశం వచ్చినప్పుడు కేరళలో ఒక స్కూలుకి వెళ్ళాడు. అక్కడివి అంటరానివారి పిల్లలు. హెడ్మాస్టరు ఆయన్ని, అమెరికా నుంచి వచ్చిన మన సాటి అంటరానివాడని పరిచయం చేశాడట. మొదట కాస్త చివుక్కుమన్నా, ఆలోచించుకుంటే నిజమేననిపించిందని ఆయనే 1965లో ఒక ప్రసంగంలో చెప్పుకున్నాడు. అంత దూరం నుంచి వచ్చినవాడికి ఒక్క పూటలో తెలిసిన చుట్టరికం, పక్క బెంచీలో కూర్చున్న నాకు తెలియలేదు.

న్యాయం సంగతి కూడా రెండు చోట్లా నెమ్మదే. బర్మింగ్‌హామ్‌లో బాంబు పెట్టింది ఎవరో రెండేళ్ళలోపే ఎఫ్‌బీఐకి తెలుసు. కేసు పెట్టకుండానే 1968లో దర్యాప్తు మూసేశారు. రాబర్ట్ చాంబ్లిస్‌కి 1977లో, థామస్ బ్లాంటన్‌కి 2001లో, బాబీ ఫ్రాంక్ చెర్రీకి 2002లో శిక్ష పడింది. నాలుగోవాడు కేసు పడకుండానే 1994లో పోయాడు. మొత్తం 39 ఏళ్ళు. చుండూరులో ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు దాన్ని కొట్టేసింది.

హోటలుకి తిరిగొచ్చాక ఇండియాలో తెల్లవారే దాకా ఆగి నాన్నకి ఫోను చేశాను.

"బాపూ, నా చిన్నప్పుడు చుండూరు పేపరు అటకెక్కించినవ్, యాదికున్నదా?"

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "యాదికున్నది బిడ్డా. నువ్వు సదివితె అడుగుతవని దాచిన. అడిగితె ఏం జెప్పాల్నో నాకు తెల్వకుండె" అన్నాడు. ఆ తర్వాత, "పిల్లలకు పాఠాలు జెప్పేటోన్ని, గా ఒక్క పాఠం జెప్పలేకపోయిన" అన్నాడు. డెబ్భై అయిదేళ్ళ మనిషి చేత ఆ మాట అనిపించినందుకు నాకు సిగ్గేసింది. నా పసుపునీళ్ళ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

ఇప్పుడు ఇంకో సంగతి చెప్పాలి. మా అట్లాంటా శివారులో మా గుడికి భోజనశాల కడుతున్నాం. నేను కమిటీలో ఉన్నాను. కంప్యూటరు వాణ్ణి కనుక దాతల జాబితా నా నెత్తిన పడింది. డైమండు, ప్లాటినం, గోల్డు, సిల్వరు అని నాలుగు వరసలు. ఎన్ని డాలర్లిస్తే శిలాఫలకం మీద ఎన్ని అంగుళాల అక్షరాలో లెక్కకట్టే ఫార్ములా కూడా నేనే రాశాను. గర్వంగా చూపించాను కూడా.

పేరు చెక్కించుకోవడం తప్పని నేననడం లేదు. మన శాసనాల్లో ఎక్కువ భాగం దానశాసనాలే. ఆ పేర్లు లేకపోతే మన చరిత్రలో సగం మనకి తెలిసేది కాదు. అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి ఇచ్చినవాడు విధికుడనే చర్మకారుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి ఇచ్చానని దాని మీద రాయించుకున్నాడు. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో కనిపించే పూర్ణకుంభం అమరావతి శిల్పకళ నుంచి వచ్చిందే. తోలుపని చేసుకునే ఇంటివాళ్ళు పలక ఇస్తే పుచ్చుకుని పేరు కూడా చెక్కిన నేల మనది. అక్కడికి అంత దూరం కాని చోటే చుండూరు ఉంది.

కనుక పేరుండడం, లేకపోవడం కాదు అసలు సంగతి. అక్షరాల సైజు. కోల్ పెట్టిన షరతులో గొప్ప అదే. ఇవ్వగలిగినవాడికి హద్దు పెట్టి, లేనివాడిని వాడి పక్కనే నిలబెట్టాడు. టైగర్ బే పిల్ల ఇచ్చిన చిల్లరకీ, కార్డిఫ్ షావుకారు ఇచ్చిన అర క్రౌనుకీ ఆ కిటికీలో వేరు వేరు ముక్కలు లేవు.

తర్వాతి మీటింగులో ఈ కథంతా చెప్పి, శిలాఫలకం మానేద్దామన్నాను. "కిటికీకి చాలుతుంది గాని, భోజనశాలకి అర క్రౌన్లు చాలవండీ" అన్నారు ఒక పెద్దాయన. నిజమే. బిల్డింగు అప్పు ఐదేసి డాలర్లతో తీరదు. గంటసేపు వాదించుకున్నాక ఒక్కటి ఒప్పుకున్నారు. భోజనశాల వీధితలుపు మాత్రం మనిషికి ఐదు డాలర్లకు మించకుండా వసూలుచేసి చేయించాలి. పేర్లుండవు. ఎవరైనా ఇవ్వచ్చు, గుడికి రానివాళ్ళు కూడా. వసూలు ఇంకా సాగుతోంది. మా ఫార్ములాకి ఆ తలుపు అంతుపట్టడం లేదు. ఆ గడి ఖాళీగానే వదిలేశాను.

ఆ చర్చి 2006లో జాతీయ చారిత్రక కట్టడమైంది. 2017 జనవరిలో ఆ వీధులన్నిటినీ కలిపి జాతీయ స్మారకంగా ప్రకటించారు. అర క్రౌను నాణెం 1970 వచ్చేసరికే చెలామణీలోంచి పోయింది. కిటికీ ఉంది.

మా వాడి ఫోను నంబరు నాన్నే సంపాదించి ఇచ్చాడు. రామాయంపేటలో ఆఫీసు ఉద్యోగం చేస్తున్నాడట. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక నాలుగు రోజులు నంబరు చూస్తూ గడిపాను. చివరికి చేశాను. కిటికీ సంగతి చెప్పాను, నల్ల క్రీస్తు సంగతి చెప్పాను. పసుపునీళ్ళ సంగతి కూడా చెప్పాను, తప్పయిందిరా అన్నాను. వాడు వింటూ ఊరుకున్నాడు. యాదికుందనీ అనలేదు, లేదనీ అనలేదు.

ఏదో ఒకటి మాట్లాడాలని, "అది సరే, మీ ముత్తాత మోసిన రాయి ఏదిరా నిజంగా?" అన్నాను.

"నాకేమెరుక? గా గోడల ఏ రాయి జూసినా గదే అనిపిస్తది" అన్నాడు వాడు. "నువ్వొచ్చినప్పుడు పోదాం. నాలుగింటికే పోవాలె, ఎండ పోతె ఏం గానరాదు."